సికిల్ సెల్, జన్యువులు, పెళ్లి సంబంధాలు: రాయగడ, గుణుపూర్, జయపురం వైపు మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని రాయగడలో ల్యాబ్ టెక్నీషియన్‌గా రక్తపరీక్షలు చేయడం నా పని. సికిల్ సెల్ అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు, తల్లిదండ్రుల నుంచి వస్తుంది. సికిల్ సెల్ రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది, క్యాంపులో ఒడియాలో వివరిస్తారు, ఇంటికెళ్లాక చర్చ తెలుగులో నడుస్తుంది. ఆ మధ్యలో చాలా విషయం జారిపోతుంది. వారం తిరగకుండానే రిపోర్టు పట్టుకుని ఎవరో ఒకరు మళ్లీ వస్తారు, మళ్లీ అవే అనుమానాలు. అందుకే వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## మొదట తెలుసుకోవాల్సినవి

జీన్ అంటే ఏమిటి? ఒంట్లో అది ఎక్కడ ఉంటుంది?

మన ఒంట్లో దాదాపు ప్రతి కణం లోపలా 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయి. ప్రతి జతలో ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. క్రోమోజోము అంటే గట్టిగా చుట్టుకుపోయిన డీఎన్‌ఏ పోగు. దాని మీద ఏ, టీ, జీ, సీ అనే నాలుగు రసాయన అక్షరాలు వరసగా పేర్చి ఉంటాయి. ఒక్క సెట్టులోనే సుమారు 300 కోట్ల అక్షరాలు. ఆ రాతలో ఒక్కో ముక్క ఒక్కో ప్రోటీన్ ఎలా తయారు చేయాలో చెబుతుంది. ఆ ముక్కే జీన్, తెలుగులో జన్యువు. ప్రోటీన్లు చేయించే జన్యువులు మనిషిలో ఇంచుమించు 20 వేలు. రక్తానికి ఎరుపు రంగునిచ్చే హిమోగ్లోబిన్‌లో బీటా అనే భాగానికి సంబంధించిన జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంది. సికిల్ సెల్ కథంతా అక్కడే మొదలవుతుంది.

మ్యుటేషన్ అంటే జన్యువు పాడైపోవడమేనా?

రాతలో మార్పు రావడం. మారిన ప్రతిదీ పాడైనట్టు కాదు. మనందరిలో అలాంటి మార్పులు లక్షల్లో ఉంటాయి, వాటిలో ఎక్కువ వాటివల్ల ఏమీ కాదు.

కణం ఈ రాతను మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. 'పలక అటక గడప' అని రాశామనుకోండి. అందులో ఒక్క అక్షరం మారి 'పలక' కాస్తా 'పిలక' అయితే ఆ ఒక్క మాట అర్థమే మారింది, మిగతా రెండూ బాగానే ఉన్నాయి. అదే 'ల' ఎగిరిపోయిందనుకోండి. మూడేసి చొప్పున చదివితే 'పకఅ టకగ డప' అవుతుంది. అక్కడి నుంచి చివరిదాకా ఏ మాటకూ అర్థం లేదు. సికిల్ సెల్‌లో జరిగేది మొదటి రకం మార్పు. బీటా తలసీమియా అనే ఇంకో రక్తజబ్బు (ఇదీ తల్లిదండ్రుల నుంచే వస్తుంది) తెచ్చే మార్పుల్లో కొన్ని రెండో రకానివి, అందుకే అక్కడ బీటా భాగం సరిగ్గా తయారుకాదు.

300 కోట్ల అక్షరాల్లో ఒక్కటి మారితే ఇంత జబ్బు వస్తుందా?

వస్తుంది. బీటా గ్లోబిన్ జన్యువులో ఒకచోట జీఏజీ అని ఉండాల్సింది జీటీజీ అయింది. మారింది అంతే. దానివల్ల బీటా భాగంలోని 146 అమైనో ఆమ్లాల (ప్రోటీన్‌ను కట్టే చిన్న ముక్కల) గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వచ్చి కూర్చుంటుంది. గ్లుటామిక్ ఆమ్లం నీటితో కలిసిమెలిసి ఉంటుంది. వాలీన్ నూనె బొట్టులాంటిది, నీటికి దూరంగా జరిగి పక్కనున్న హిమోగ్లోబిన్‌కు అతుక్కుంటుంది. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ పట్టుకుని ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. ఒళ్లంతా తిరుగుతూ ఆక్సిజన్ వదిలేశాక ఈ హిమోగ్లోబిన్లు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి కడ్డీల్లా తయారవుతాయి. ఆ కడ్డీలు పొడుచుకురావడంతో గుండ్రంగా, మెత్తగా ఉండాల్సిన కణం కొడవలిలా వంగిపోతుంది.

మైక్రోస్కోపులో మొదటిసారి ఈ జబ్బున్న మనిషి రక్తపు స్లైడు చూసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పడాల్లాంటి గుండ్రటి కణాల మధ్య సన్నగా, రెండు చివర్లా మొనదేలిన కణాలు. సందేహం లేకుండా కొడవళ్లే. మామూలు ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది, ఈ కొడవలి కణం 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోతుంది. అందుకే రక్తం తగ్గిపోతుంది, కళ్లు పచ్చబడతాయి. వంగిన కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటే అవతలి భాగానికి రక్తం అందదు. భరించలేని ఆ నొప్పులకు కారణం ఇదే.

చికాగోలో జేమ్స్ హెరిక్ అనే డాక్టరు 1910లో ఈ కణాల గురించి మొదట రాశారు. తప్పు హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని 1949లో లైనస్ పౌలింగ్ బృందం చూపించింది. మారింది ఒక్క అమైనో ఆమ్లమేనని 1950ల్లో వెర్నన్ ఇన్‌గ్రామ్ తేల్చారు.

ఇది అంటుకుంటుందా?

అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా, సికిల్ ఉన్న పిల్ల పక్కన బడిలో కూర్చున్నా రాదు. పుట్టుకతో తల్లిదండ్రుల నుంచి రావాల్సిందే.

మా వంశంలో ఎవరికీ లేదు. కోడలితోనే వచ్చింది కదా?

నా ముందు కూర్చుని ఈ మాట అన్న అత్తగార్లను లెక్కపెట్టలేను. పక్కనే కోడలు తల దించుకుని ఉంటుంది, ఒళ్లో బిడ్డ ఉంటాడు. అందుకే ఈ జవాబు మాత్రం నెమ్మదిగా చదవమని కోరుతున్నాను.

బీటా జన్యువులు మనకు రెండు ఉంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. రెండూ మామూలువైతే ఏఏ. ఒకటి మామూలుది, ఒకటి సికిల్‌ది అయితే ఏఎస్, అంటే క్యారియర్. రెండూ సికిల్‌వే అయితే ఎస్ఎస్, అంటే జబ్బు. బిడ్డకు ఎస్ఎస్ వచ్చిందంటే ఒక ఎస్ తల్లి ఇచ్చింది, రెండో ఎస్ తండ్రి ఇచ్చాడు. ఒక్కరి వల్ల ఎస్ఎస్ రాదు. ఏఎస్ ఉన్న మనిషి పొలం పని చేస్తాడు, ఎనభై ఏళ్లు బతుకుతాడు, పరీక్ష చేయించకపోతే తనకుందని తెలియకుండానే పోతాడు. మీ వంశంలో ఎవరికీ జబ్బు కనిపించలేదంటే ఏఎస్ లేదని కాదు, రెండు ఎస్‌లు ఇన్నాళ్లూ ఒకచోట కలవలేదని.

అత్తగారికి ఇలా చెప్పి, "అమ్మా, మీ అబ్బాయి రక్తం కూడా చూద్దామా?" అని అడుగుతాను. కొందరు ఒప్పుకుంటారు. కొందరు లేచి వెళ్లిపోతారు. వెళ్లిపోయినవాళ్ల ఇంట్లో ఆ కోడలు పడే మాటలు తలుచుకుంటే రాత్రి నిద్ర పట్టదు.

ఇది ఆదివాసీల జబ్బంటారు. మనకెందుకు పరీక్ష?

సికిల్ జన్యువు కులం చూసి రాలేదు, దోమను చూసి వచ్చింది. ఏఎస్ ఉన్నవాళ్లను ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా ప్రాణాపాయం దాకా తీసుకెళ్లడం బాగా తక్కువ. ఈ సంగతి 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో గమనించారు. మలేరియా తరతరాలుగా పిల్లల్ని పొట్టనబెట్టుకున్న చోట్ల ఏఎస్ ఉన్నవాళ్లు ఎక్కువమంది బతికి పిల్లల్ని కన్నారు, ఆ జన్యువు నిలిచిపోయింది. కోరాపుట్, మల్కాన్‌గిరి, రాయగడ కొండల్లో మలేరియా సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అటు మహారాష్ట్రలో సిరోంచ ఉన్న గడ్చిరోలి జిల్లాలోనూ అంతే. మన దేశంలో ఈ జన్యువును మొదట 1952లో నీలగిరి కొండల్లోని ఆదివాసీల్లో గుర్తించారు, ఆ పేరు అలా ఉండిపోయింది. ఒడిశాలో ఇది ఆదివాసీలు కానివాళ్లలోనూ కనిపిస్తుంది. తెలుగు ఇళ్లలోనూ నేను చూశాను.

## పరీక్షల దగ్గర

క్యాంపులో వేలికి గుచ్చి చుక్క రక్తం తీశారు, పాజిటివ్ అన్నారు. జబ్బు ఉన్నట్టేనా?

ఇంకా తెలియదు. అది సాల్యుబిలిటీ పరీక్ష. చిన్న గాజు గొట్టంలో మందునీళ్లు పోసి అందులో రక్తపు చుక్క కలుపుతాం. కాసేపాగి గొట్టం వెనక నల్ల గీతలున్న కాగితం పెట్టి చూస్తాం. గీతలు స్పష్టంగా కనిపిస్తే సికిల్ హిమోగ్లోబిన్ లేదు. నీళ్లు కుడితిలా మసకబారి గీతలు కనబడకపోతే ఉంది. కానీ అది ఏఎస్ వల్లనో, ఎస్ఎస్ వల్లనో ఈ గొట్టం చెప్పలేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష చేస్తేనే తేలుతుంది. క్యాంపు మాట విని 'మా పిల్లకు జబ్బు' అని ఊరంతా చాటుకున్నవాళ్లను చూశాను, తీరా చేస్తే ఏఎస్. రెండో పరీక్ష అయ్యేదాకా టెన్షన్ పడకండి, ఎవరికీ చెప్పకండి. అలాగని రెండోది మానేయకండి.

హెచ్‌పీఎల్‌సీ రిపోర్టులో ఏమేం చూడాలి?

నాలుగు రకాల హిమోగ్లోబిన్ అంకెలు చూడండి: ఏ (మామూలుది), ఏ2 (కొద్దిగా ఉండే మరో మామూలు రకం), ఎఫ్ (పసికందు హిమోగ్లోబిన్), ఎస్ (సికిల్‌ది). ఏ ఎక్కువగా ఉండి ఎస్ దానికంటే తక్కువగా, సాధారణంగా 30 నుంచి 40 శాతం మధ్య ఉంటే ఏఎస్. ఏ అసలు లేకుండా ఎస్, దాంతోపాటు కొంత ఎఫ్ కనిపిస్తే ఎస్ఎస్ అని అనుమానించాలి. ఏ2 మామూలు కంటే పెరిగి ఉంటే తలసీమియా జన్యువు ఉందేమోనని డాక్టరు చూస్తారు. ఒక పక్క నుంచి సికిల్, ఇంకో పక్క నుంచి బీటా తలసీమియా వచ్చిన పిల్లలూ మన ప్రాంతంలో ఉన్నారు, వాళ్లకూ ఎస్ఎస్ లాంటి బాధలే వస్తాయి. కాబట్టి ఎస్ ఒక్కటే చూసి వదిలేయకూడదు. ఆఖరి మాట డాక్టరుదే.

పోయిన నెలే రక్తం ఎక్కించారు. ఇప్పుడు పరీక్ష చేయించవచ్చా?

ఎక్కించినవాళ్ల హిమోగ్లోబిన్ కలిసిపోయి ఫలితం తప్పుగా రావచ్చు. మూడు నెలలు ఆగడం మంచిది. తొందరుంటే తల్లిదండ్రులిద్దరికీ పరీక్ష చేస్తే చాలావరకు సంగతి తెలుస్తుంది. రక్తం ఎక్కించిన తేదీ ల్యాబ్‌లో తప్పకుండా చెప్పండి. మేం అడగడం మర్చిపోయినా మీరు చెప్పండి.

నెల పిల్లాడికి నెగెటివ్ వచ్చింది. ఇక భయం లేదుగా?

పుట్టినప్పుడు బిడ్డ రక్తంలో ఎక్కువగా ఉండేది ఎఫ్ అనే పసికందు హిమోగ్లోబిన్. అది సికిల్‌ను కప్పేస్తుంది. ఆరు నెలల లోపు సాల్యుబిలిటీ పరీక్ష నమ్మదగింది కాదు. అందుకే లక్షణాలు కూడా ఐదారు నెలలు దాటాకే బయటపడతాయి. చేతులు, పాదాలు ఉబ్బి ముట్టుకుంటేనే బిడ్డ కేకలు పెట్టడం తరచుగా మొదటి గుర్తు. తల్లిదండ్రులిద్దరూ ఏఎస్ అయితే పుట్టగానే హెచ్‌పీఎల్‌సీ చేయించమని అడగండి.

ఏఎస్ అని వచ్చింది. ఏ మందు వాడాలి?

ఏ మందూ అక్కర్లేదు. ఏఎస్ జబ్బు కాదు. ఎండలో విపరీతంగా శ్రమపడేటప్పుడు నీళ్లు బాగా తాగాలి. మూత్రంలో రక్తం కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. అంతే.

## పెళ్లి మాటలప్పుడు

ఇద్దరూ ఏఎస్ అయితే పెళ్లి చేసుకోకూడదా?

చేసుకోకూడదని చట్టం లేదు, నేనూ అనను. కానీ తెలిసి చేసుకోవాలి. ఇద్దరూ ఏఎస్ అయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఎస్ఎస్ వచ్చే అవకాశం 25 శాతం, ఏఎస్ 50 శాతం, ఏఏ 25 శాతం. ఒకరు ఏఎస్, ఒకరు ఏఏ అయితే సికిల్ జబ్బు బిడ్డ పుట్టదు, సగం అవకాశం ఏఎస్‌కు. ఎస్ఎస్ ఉన్న మనిషి ఏఏ ఉన్నవాళ్లను చేసుకుంటే పిల్లలందరూ ఏఎస్‌లే, ఎవరికీ జబ్బుండదు. ఎస్ఎస్, ఏఎస్ కలిస్తే మాత్రం సగానికి సగం ప్రమాదం. అవతలివాళ్లు తలసీమియా క్యారియర్ కాదని కూడా చూసుకోవాలి.

నాలుగింట ఒకటి అన్నారు. మొదటి బిడ్డకు వచ్చేసింది కాబట్టి తర్వాతి ముగ్గురికి రాదు కదా?

రాదని చెప్పలేం. ప్రతి కాన్పూ కొత్త గవ్వల పందెమే. మొదటిసారి ఏం పడిందో రెండోసారి గవ్వలకు గుర్తుండదు. నలుగురికి నలుగురూ బాగున్న ఇళ్లూ ఉన్నాయి, వరసగా ఇద్దరికి వచ్చిన ఇళ్లూ ఉన్నాయి.

మేనరికం వల్లే వస్తుందా? బయటి సంబంధం చేస్తే సరిపోతుందా?

మేనరికం జన్యువును పుట్టించదు. ఒకే చోటి నుంచి వచ్చిన జన్యువు రెండు వైపులా కలిసే అవకాశాన్ని పెంచుతుంది. మేనమామ, మేనకోడలు సగటున నాలుగో వంతు జన్యువులు పంచుకుంటారు. మేనబావ, మరదలు ఎనిమిదో వంతు.

లెక్క వేసి చూద్దాం. ఒక అమ్మమ్మకు ఏఎస్ ఉంది, మిగతా అందరూ ఏఏ అనుకోండి. ఆమె కొడుక్కి ఏఎస్ వచ్చే అవకాశం సగం, మనవరాలికి నాలుగో వంతు. మేనమామకు ఆ మేనకోడల్నిస్తే ఇద్దరూ ఏఎస్ అయ్యే అవకాశం ఎనిమిదింట ఒకటి, వాళ్ల బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 32లో ఒకటి. అదే బావామరదళ్లయితే 64లో ఒకటి.

అరుదైన జన్యు జబ్బుల్లో మేనరికం తేడా చాలా పెద్దది, ఎందుకంటే బయట ఆ జన్యువు ఉన్నవాళ్లు దొరకడమే కష్టం. సికిల్ అలా కాదు. అది మన చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నదే. గుణుపూర్ అబ్బాయికి బిషమ్‌కటక్ అమ్మాయిని, ఏ చుట్టరికమూ లేకుండా చేసినా ఇద్దరూ ఏఎస్ కావచ్చు. కాబట్టి బయటి సంబంధమని పరీక్ష మానేస్తే ఉపయోగం లేదు. ఇద్దరి రక్తమూ చూడాలి.

పిల్లకు ఏఎస్ ఉందని చెబితే సంబంధం చెడిపోతుంది. చెప్పకపోతే ఏం?

ఈ బాధ నాకు అర్థమవుతుంది, సంబంధాలు తప్పిపోవడం కళ్లారా చూశాను. నేనిచ్చే సలహా ఒకటే: మీ పిల్ల ఒక్కదాని రిపోర్టే ఎందుకు అడగాలి? జాతకాలు మార్చుకునే రోజునే రెండు వైపుల రిపోర్టులూ మార్చుకుందామని పెద్దవాళ్లు అడగాలి. అబ్బాయి ఏఏ అయితే అమ్మాయి ఏఎస్ వల్ల ఎస్ఎస్ బిడ్డ పుట్టదు, ఆ మాట అక్కడే కాగితం మీద చూపించవచ్చు. దాచిపెట్టి చేస్తే, జబ్బు బిడ్డ పుట్టిన రోజున మోసం చేశారన్న మాట కూడా ఆ పిల్లే పడాలి.

## గర్భం వచ్చాక

ఇద్దరం ఏఎస్ అని ఇప్పుడే తెలిసింది. నాకు రెండో నెల. ఏం చేయాలి?

ఆలస్యం చేయకుండా వెళ్లండి. సుమారు 10 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న ముక్క తీసి, లేదా 15 వారాలు దాటాక ఉమ్మనీరు తీసి బిడ్డ జన్యువు చూస్తారు. ఇది పెద్ద ఊళ్లలోనే చేస్తారు, పరీక్షల తేదీలకు సమయం పడుతుంది. కాబట్టి ఐదో నెల దాకా ఆగితే చేతిలో రోజులు మిగలవు. పరీక్షలో గర్భం పోయే ప్రమాదం కొద్దిగా ఉంటుంది, దాన్నీ డాక్టరును అడగండి. ఈ జబ్బు ఉందో లేదో చూడడం అనుమతి ఉన్న కేంద్రాల్లో చట్టబద్ధమే. ఆడా మగా చెప్పడం మాత్రం 1994 చట్టం ప్రకారం నేరం. ఫలితం వచ్చాక ఏం చేయాలన్నది ఆ తల్లిదండ్రుల నిర్ణయం. ఉంచుకున్నా, వద్దనుకున్నా చుట్టాలు తీర్పు చెప్పకూడదని నా గట్టి నమ్మకం.

ఎస్ఎస్ ఉన్న అమ్మాయి తల్లి కాగలదా?

కాగలదు. కానీ ఆ గర్భం ప్రమాదం ఉన్న గర్భమే. మొదటి నెల నుంచే పెద్దాసుపత్రిలో చూపించుకోవాలి, కాన్పు ఇంట్లో జరగకూడదు. హైడ్రాక్సీయూరియా (సికిల్‌కు రోజూ వేసుకునే మందు) వాడుతుంటే గర్భం కోసం ప్రయత్నించే ముందే డాక్టరుతో మాట్లాడాలి.

## జబ్బుతో బతికేవాళ్లకు

నొప్పులు ఎందుకు వస్తాయి? రాకుండా ఏం చేయాలి?

నీళ్లు తగ్గడం, చలి, జ్వరం, మితిమీరిన శ్రమ. ఈ నాలుగూ కణాలను వంచుతాయి. కోరాపుట్, సెమిలిగుడ వైపు పుష్యమాసపు చలిలో తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం వద్దే వద్దు. బడికి వెళ్లే పిల్లల సంచిలో నీళ్ల సీసా ఉండాలి, మాటిమాటికీ మూత్రానికి వెళ్లనివ్వమని టీచరుకు చెప్పాలి.

మా పెద్దమ్మ మనవడికి మూడేళ్లు 'కీళ్లవాతం' అని మందులు వాడారు. ఏ డాక్టరూ సికిల్ పరీక్ష రాయలేదు. రాత్రుళ్లు కాళ్లు పట్టుకుని "మామ్మా, లోపల ఎవరో రాయితో కొడుతున్నారు" అని ఏడ్చేవాడు. నేను ఇదే పనిలో ఉండి కూడా వాడి రక్తం చూడడానికి ఆలస్యం చేశాను. మళ్లీ మళ్లీ నొప్పులొచ్చే పిల్లలు ఇంట్లో ఉంటే మీరే నోరు తెరిచి ఆ పరీక్ష అడగండి.

కళ్లు పచ్చగా ఉన్నాయి. పసరు మందు పోయించమంటున్నారు.

వద్దు. సికిల్‌లో పచ్చదనం ఎక్కువగా ఎర్రకణాలు చితికిపోవడం వల్ల వస్తుంది, దానికి పసరు పనిచేయదు. కంట్లో పోస్తే కన్నే పోవచ్చు. పథ్యం పేరుతో ఉప్పు, పప్పు, నీళ్లు తగ్గిస్తే నొప్పులు తిరగబెడతాయి. మజ్జిగౌరమ్మకు మొక్కుకోండి, నేనూ మొక్కుకుంటాను. మందు మాత్రం ఆసుపత్రిదే వాడండి.

రక్తం తక్కువ కదా, ఐరన్ మాత్రలు వేయవచ్చా?

డాక్టరు చెప్పకుండా వేయకండి. చితికిన కణాల్లోని ఐరన్ చాలావరకు ఒంట్లోనే ఉంటుంది, రక్తం ఎక్కించుకున్నవాళ్లలో అది ఇంకా పేరుకుంటుంది. వీళ్లకు సాధారణంగా ఇచ్చేది ఫోలిక్ యాసిడ్. దాన్ని ల్యాబ్‌లో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ చిన్న మాత్ర చేతిలో పెట్టేటప్పుడు పిల్లలకు ఈ మాట చెబుతుంటాను.

ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి?

101 డిగ్రీలు దాటిన జ్వరం, ఛాతీలో నొప్పి లేదా ఆయాసం, ఒక్కసారిగా పాలిపోయి ఎడమవైపు పొట్ట ఉబ్బడం, మూతి వంకరపోవడం, కాలో చెయ్యో పడిపోవడం, మగపిల్లల్లో అంగం గంటల తరబడి గట్టిపడి నొప్పి పెట్టడం. వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. ఈ పిల్లల్లో ప్లీహం (పొట్టలో ఎడమవైపు ఉండి సూక్ష్మక్రిములతో పోరాడే అవయవం) చిన్నప్పుడే దెబ్బతింటుంది, అందుకే మామూలు జ్వరమే ప్రాణం మీదికి వస్తుంది. న్యుమోనియా టీకా తప్పనిసరిగా వేయించండి.

హైడ్రాక్సీయూరియా క్యాన్సర్ మందట. పిల్లలకు ఎలా ఇస్తాం?

కొన్ని రక్త క్యాన్సర్లకూ వాడతారు, నిజమే. సికిల్‌లో దాని పని వేరు. పసికందు హిమోగ్లోబిన్ ఎఫ్‌ను మళ్లీ పెంచుతుంది, ఎఫ్ ఎక్కువుంటే కణాలు వంగడం తగ్గుతుంది. రోజూ వేసుకోవాలి, గుణం కనిపించడానికి కొన్ని నెలలు పడుతుంది. మధ్యమధ్యలో రక్తకణాల లెక్క చూపించుకోవాలి. నొప్పి లేదని మందు మానేసి, నెల తిరక్కుండా అడ్మిట్ అయినవాళ్లు చాలామంది.

పూర్తిగా నయమవుతుందా?

ఎముక మజ్జ మార్పిడితో నయం కావచ్చు. దానికి సాధారణంగా కణాలు సరిపోయే తోబుట్టువు కావాలి. ఒక్కో తోబుట్టువు సరిపోయే అవకాశం నాలుగో వంతు. జన్యు సవరణతో చేసే కాస్‌జెవీ చికిత్సకు 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతిచ్చాయి. అప్పుడు అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. మన పిల్లలకు అది అందే రోజు కోసం ఎదురుచూస్తున్నాను.

మలేరియా మాత్రలు వేశాక మా అబ్బాయికి మూత్రం నల్లగా వచ్చింది. ఇదీ సికిలేనా?

అది జీ6పీడీ లోపం, అంటే ఎర్రకణాలను కాపాడే ఒక ఎంజైమ్ తక్కువగా ఉండడం కావచ్చు. అది వేరే జన్యువు, ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. మగపిల్లలకు ఎక్స్ ఒక్కటే, అదీ తల్లి నుంచే వస్తుంది. అందుకే తల్లి బాగానే ఉన్నా కొడుకుల్లో బయటపడుతుంది. ప్రైమాక్విన్ లాంటి మందులు పడితే వీళ్ల ఎర్రకణాలు చితికిపోతాయి. మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పరీక్షలో లోపం తేలితే ఆ కాగితం జీవితాంతం దాచి, ప్రతి డాక్టరుకూ చూపించండి.

సికిల్ ఉన్నవాళ్లకు ప్రభుత్వం నుంచి ఏమైనా వస్తుందా?

2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో సికిల్ సెల్, తలసీమియా, హిమోఫీలియా ఉన్నాయి. ఎస్ఎస్ ఉన్నవాళ్లు వికలాంగుల సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఏఎస్ వాళ్లకు అది వర్తించదు. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద 40 ఏళ్ల లోపువాళ్లకు పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. దరఖాస్తుకు హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు, ఆధార్, పాత అడ్మిషన్ల డిశ్చార్జి కాగితాలు జిరాక్సులతో తీసుకెళ్లండి. అసలు కాగితాలు ఎవరి దగ్గరా వదిలి రాకండి.